మోటారు స్టార్టింగ్ కరెంటు తగ్గించాలి, సరే... ఎవరి కోసం?

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అంతకు ముందు నెలల్లో ప్రభుత్వమూ విద్యుత్ సంస్థలూ రైతులకు పదే పదే చెప్పిన మాట ఒకటుంది: ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు ఉన్నంతసేపూ మోటారు దానంతట అదే నడుస్తుంటే భూగర్భ జలం అడుగంటుతుంది, అది అందరికీ తెలిసిన కారణం. రెండో కారణం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. లైన్‌మన్‌ని అడిగితే మాత్రం ముందు అదే చెబుతాడు. కరెంటు పోయి మళ్లీ వచ్చిన క్షణాన ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేవబోతాయి.

ఆ క్షణాన్ని లెక్క వేసి చూద్దాం. పొలాల్లో కనిపించే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసుకోండి. 433 వోల్టుల దగ్గర దాని పూర్తి లోడు కరెంటు దాదాపు 33 ఆంపియర్లు. దాని కింద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు ఉన్నాయనుకుందాం. నడిచేటప్పుడు ఒక్కొక్కటి 8 ఆంపియర్లు తీసుకుంటే మొత్తం 32. సరిగ్గా సరిపోయింది. కానీ లేచేటప్పుడు ఒక్కో మోటారూ ఆరు రెట్లు లాగుతుంది. అంటే 48 చొప్పున నాలుగింటికి 192 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దానిదైన ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, నాలుగున్నర శాతం ఉంటుంది. అంత కరెంటు లాగబోయేసరికి ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గరే వోల్టేజీ 345కి పడిపోతుంది. అక్కడి నుంచి ఎల్‌టీ లైను, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొలాలకి వెళ్లే తక్కువ వోల్టేజీ లైను, మీద అర కిలోమీటరు ప్రయాణించి చివరి బోరు దగ్గరికి చేరేటప్పటికి 300 మిగిలితే గొప్ప.

300 వోల్టుల దగ్గర మోటారుకి తిప్పే బలం, అంటే టార్క్, సగానికి పడిపోతుంది. నాలుగూ గుంయ్‌మంటాయి గానీ ఏదీ గబుక్కున లేవదు. లేవనంతసేపూ నాలుగు రెట్లకు పైగా కరెంటు లాగుతూనే ఉంటాయి, లాగినంతసేపూ వోల్టేజీ కోలుకోదు. కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపే ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా ఉంటే ట్రిప్ అవుతుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తీసేసి నేరుగా కలిపేసిన డబ్బాలు మన పొలాల్లో ఎన్ని ఉన్నాయో వైండింగ్ షాపు వాళ్లకి తెలుసు.

ఇలాంటి చోట ఎవరైనా సాఫ్ట్ స్టార్టర్, అంటే మోటారుకి వోల్టేజీని మెల్లగా పెంచుకుంటూ ఇచ్చే డబ్బా, పెట్టుకోమని సలహా ఇస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇక్కడ కావలసింది మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి లేవడం. ఒక స్టార్టర్‌కి పది సెకన్లు, పక్కదానికి ఇరవై, ఆ పక్కదానికి ముప్ఫై సెకన్లు ఆలస్యం పెట్టే చిన్న టైమరు ఈ ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడుతుంది. దానికి అయ్యే ఖర్చు సాఫ్ట్ స్టార్టర్ ధరలో ఏ మూలకీ రాదు.

స్టార్టింగ్ గురించి మాట్లాడేటప్పుడు జరిగే గందరగోళమంతా ఇక్కడే ఉంది. స్టార్టింగ్ దెబ్బ ముగ్గురికి తగులుతుంది. ఒకటి కరెంటు ఇచ్చే వైపు: ట్రాన్స్‌ఫార్మరు, లైను, జనరేటరు. రెండు మోటారు తిప్పే వైపు: షాఫ్టు, బెల్టు, గేరు పళ్లు, పైపు. మూడు మోటారు వైండింగూ రోటరూ. ఈ ముగ్గురికీ మందు ఒకటే కాదు. ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి ఏమీ చేయకపోవచ్చు, కీడు కూడా చేయొచ్చు.

ఆరు రెట్లు ఎందుకు?

మనం వాడే మూడు ఫేజుల మోటార్లలో అత్యధిక భాగం స్క్విరల్ కేజ్ ఇండక్షన్ మోటార్లే. వాటి రోటర్‌కి, అంటే తిరిగే భాగానికి, బయటి నుంచి ఏ వైరూ వెళ్లదు. కదలకుండా ఉండే భాగమైన స్టేటర్‌లో తిరుగుతున్న అయస్కాంత క్షేత్రం రోటర్ కడ్డీలను దాటుకుంటూ పోతే ఆ కడ్డీల్లో కరెంటు పుడుతుంది. మోటారు పూర్తి వేగంలో ఉన్నప్పుడు క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగితే రోటరు 1440 దాకా తిరుగుతుంది. తేడా 60 చుట్లే కాబట్టి కరెంటు కొంచెమే. స్విచ్ వేసిన క్షణంలో రోటరు కదలకుండా ఉంటుంది, తేడా మొత్తం 1500. ఆ క్షణానికి అది మోటారు కాదు, సెకండరీని షార్ట్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్. అందుకే నేరుగా లైను మీద వేస్తే, అంటే డీఓఎల్ పద్ధతిలో, పూర్తి లోడు కరెంటుకి అయిదు నుంచి ఎనిమిది రెట్లు లాగుతుంది.

చాలామంది అనుకునేదేమిటంటే మోటారు కదలగానే కరెంటు తగ్గిపోతుందని. తగ్గదు. వేగం నాలుగింట మూడు వంతులకు చేరినా స్టార్టింగ్ కరెంటులో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. చివరి పదిహేను ఇరవై శాతం వేగంలోనే అది ఒక్కసారిగా జారిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, స్టార్ డెల్టా దగ్గర అవసరం పడుతుంది. వైరు చుట్టూ పట్టి కరెంటు చూపే టాంగ్ టెస్టర్ పెట్టి చూశాను, ఇరవై ఆంపియర్లే చూపించింది అనేవాళ్లకి ఒక మాట: చిన్న పంపు సెకను లోపే లేచిపోతుంది, మామూలు టాంగ్ టెస్టరు అంకెలు మార్చే లోపే కథ అయిపోతుంది. ఇన్‌రష్ చూపించే మీటరు కావాలి.

కరెంటు ఆరు రెట్లయితే వైండింగ్‌లో వేడి ముప్ఫై ఆరు రెట్లు. తీగల మధ్య గుంజుకునే బలం కూడా ముప్ఫై ఆరు రెట్లే. స్లాట్ల బయట వంగి ఉండే వైండింగ్ చివరలు ప్రతి స్టార్టుకీ కొద్దిగా అదురుతాయి. రోజుకి నాలుగైదు సార్లు వేసే మోటారుకి అదేం లెక్క కాదు. గంటకి ఇరవై సార్లు ఆపి వేసే మోటారుకి వార్నిష్ పగిలేది అక్కడే.

ఇచ్చిపుచ్చుకునే బేరం

కరెంటు తగ్గించడానికి సులువైన దారి మోటారుకి ఇచ్చే వోల్టేజీ తగ్గించడం. వోల్టేజీ సగమైతే మోటారు లాగే కరెంటు సగమవుతుంది. తిప్పే బలం మాత్రం నాలుగో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే టార్క్ వోల్టేజీ వర్గానికి అనుగుణంగా మారుతుంది. కరెంటు విషయంలో ఒక రూపాయి మిగిల్చుకుంటే బలం విషయంలో రెండు రూపాయలు పోతాయి. ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ దగ్గరే ఉంచి వోల్టేజీని మాత్రమే తగ్గించే ఏ పద్ధతీ ఈ బేరం నుంచి తప్పించుకోలేదు. తేడా అల్లా, బేరంలో ఎవరికి ఎంత మిగులుతుందన్నదే.

స్టార్ డెల్టా మన రైస్ మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో తరాలుగా ఉన్న పద్ధతి. మోటారు నుంచి ఆరు వైర్లు బయటికి రావాలి. ముందు వైండింగ్‌లను స్టార్‌లో కలిపితే ఒక్కో వైండింగ్‌కి 415 బదులు 240 వోల్టులే అందుతాయి, అంటే 58 శాతం. లైన్లో కరెంటు డీఓఎల్‌తో పోలిస్తే మూడో వంతు, బలమూ మూడో వంతే. వేగం ఎక్కాక డెల్టాకి మార్చితే పూర్తి వోల్టేజీ. పాత నూనె స్టార్టర్లలో హ్యాండిల్‌ని చేత్తో స్టార్ వైపు తోసి, మోటారు శబ్దం నిలకడగా మారేదాకా ఆగి, అప్పుడు డెల్టా వైపు గుంజేవాళ్లు. ఆ పని ఇప్పుడు టైమరు చేస్తుంది. టైమరుకి చెవులు లేవు. వోల్టేజీ తక్కువగా ఉన్న రోజున మోటారు వేగం పుంజుకోడానికి పన్నెండు సెకన్లు పట్టినా, ఎనిమిది సెకన్లకి సెట్ చేసి ఉంటే ఎనిమిదికే మార్చేస్తుంది. అప్పటికి వేగం మూడు వంతులే వచ్చి ఉంటే, పైన చెప్పినట్టు కరెంటు ఇంకా దిగి ఉండదు. డెల్టా పట్టగానే దాదాపు డీఓఎల్ కరెంటు లాగుతుంది. అంత హంగామా చేసి మిగిల్చుకున్నదేమీ ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్టార్ కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే స్విచ్) వదిలి డెల్టా కాంటాక్టర్ పట్టే మధ్యలో సెకనులో చిన్న భాగం మోటారుకి సరఫరా ఉండదు. ఆ సమయంలో రోటర్‌లో మిగిలి ఉన్న అయస్కాంతత్వం వల్ల మోటారే చిన్న జనరేటర్‌లా వోల్టేజీ పుట్టిస్తుంది. రోటరు వేగం తగ్గుతున్న కొద్దీ ఆ వోల్టేజీ లైను వోల్టేజీతో లయ తప్పుతుంది. రెండూ ఎదురెదురుగా ఉన్న క్షణంలో డెల్టా పట్టిందంటే ఒక్క సైకిల్ పాటు డీఓఎల్ కన్నా పెద్ద కరెంటు పోటు రావచ్చు. ఒక్కోసారి మెత్తగానే మారిపోయి, ఇంకోసారి ఠాంగ్‌మని బెల్టు అదిరి ఫ్యూజు పోవడానికి కారణం ఇదే. ఈ ఖాళీ లేకుండా రెసిస్టర్ల ద్వారా మార్చే స్టార్టర్లు ఉన్నాయి గానీ, ఖరీదు చూసి మన దగ్గర ఎవరూ పెట్టుకోరు.

మూడో వంతు బలంతో లేవగలిగే పని అయితేనే స్టార్ డెల్టా. ధాన్యం పోయకుండా ఖాళీగా తిప్పే మిల్లు, లోడు లేకుండా లేవనిచ్చే అన్‌లోడర్ ఉన్న కంప్రెసరు, డెలివరీ వాల్వు మూసి లేపే సెంట్రిఫ్యూగల్ పంపు దీనికి సరిపోతాయి. రాళ్లు నిండి ఆగిపోయిన కన్వేయర్ బెల్టుని స్టార్‌లో కదిలించలేరు. అన్నట్టు, డెలివరీ వాల్వు మూసి లేపడమన్నది సెంట్రిఫ్యూగల్ పంపుకే. ఓడ ప్రొపెల్లర్ లాంటి రెక్కలుండే యాక్సియల్ ఫ్లో పంపుకి వాల్వు మూసినప్పుడే ఎక్కువ లోడు పడుతుంది. దాన్ని తెరిచే లేపాలి.

ఆటో ట్రాన్స్‌ఫార్మర్ స్టార్టరు దీనికి పెద్దన్న. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజీ తగ్గించి మోటారుకి ఇస్తుంది. 50, 65, 80 శాతం ట్యాపులుంటాయి, పనిని బట్టి ఎంచుకోవచ్చు, మోటారుకి మూడు వైర్లే చాలు. సరఫరా తెగకుండా ఒక ట్యాపు నుంచి పూర్తి వోల్టేజీకి మార్చే ఉపాయాన్ని బెర్లిన్‌కి చెందిన మాక్స్ కోర్న్‌డోర్ఫర్ 1908లో పేటెంట్‌కి పెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. బరువు, ఖరీదు ఎక్కువ కావడంతో చిన్న పనులకి ఇది తగ్గిపోయింది.

ఎలక్ట్రానిక్ డబ్బా ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇప్పుడు సాఫ్ట్ స్టార్టర్ అని దుకాణంలో ఇచ్చేది థైరిస్టర్ల డబ్బా. థైరిస్టర్ అంటే ఎప్పుడు తెరుచుకోవాలో మనం నిర్ణయించగల ఎలక్ట్రానిక్ స్విచ్. ఒక్కో ఫేజులో రెండు థైరిస్టర్లు ఎదురెదురుగా ఉంటాయి. ప్రతి అర సైకిల్లోనూ అవి కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటాయి, దానితో మోటారుకి అందే వోల్టేజీ తగ్గుతుంది. ఆలస్యాన్ని మెల్లగా తగ్గిస్తూ పోతే వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. పూర్తి వేగం వచ్చాక బైపాస్ కాంటాక్టర్ పట్టి థైరిస్టర్లకు విశ్రాంతి ఇస్తుంది. మెట్లు లేవు, మధ్యలో తెగడం లేదు, ఠాంగ్‌మనే శబ్దం లేదు.

అందుకే ఇది స్టార్ డెల్టా కన్నా అన్ని విధాలా మేలని అమ్మేవాళ్లు చెబుతారు. ఒక 50 హెచ్‌పీ మోటారుతో లెక్క చూద్దాం. పూర్తి లోడు కరెంటు 65 ఆంపియర్లు, డీఓఎల్‌లో ఆరు రెట్లు అంటే 390. లోడు లేవడానికి డీఓఎల్ ఇచ్చే బలంలో మూడో వంతు చాలనుకుందాం. స్టార్‌లో పెడితే లైను నుంచి 130 ఆంపియర్లు. ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌కి 58 శాతం ట్యాపు ఉందనుకుని పెట్టినా సుమారు 130. సాఫ్ట్ స్టార్టర్‌తో అదే బలం రావాలంటే వోల్టేజీ 58 శాతం ఉండాలి, అప్పుడు మోటారు లాగేది 390లో 58 శాతం, అంటే 226 ఆంపియర్లు. లైను నుంచీ అంతే పోతుంది. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గించేటప్పుడు లైను వైపు కరెంటుని కూడా తగ్గిస్తుంది, స్టార్ కనెక్షన్‌లోనూ అదే లాభం దాగి ఉంది. థైరిస్టరు అలా చేయలేదు. అది దారిలో అడ్డు నిలబడి కొంత కోసేస్తుంది, అంతే.

అంటే ట్రాన్స్‌ఫార్మర్‌ని గానీ జనరేటర్‌ని గానీ కాపాడుకోవడమే మీ సమస్య అయితే, బలం లెక్కన చూసినప్పుడు ఈ కొత్త డబ్బా నూరేళ్ల నాటి పద్ధతి కన్నా వెనకబడే ఉంది. 130 ఆంపియర్లు దాటకూడదని సాఫ్ట్ స్టార్టర్‌లో కరెంటు పరిమితి పెట్టి చూడండి. వోల్టేజీ మూడో వంతుకి, బలం తొమ్మిదో వంతుకి పడిపోతాయి. మోటారు గుంయ్‌మంటూ అక్కడే నిలబడుతుంది. సాఫ్ట్ స్టార్టర్ పాడైందని కంపెనీకి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

మరి ఇది ఎవరికి పనికొస్తుంది? తిప్పే వైపు వాళ్లకి. డీఓఎల్‌లో స్విచ్ పడిన మొదటి కొన్ని సైకిళ్లలో షాఫ్టు మీద పడే బలం నిలకడగా ఉండదు. సాధారణ బలానికి కొన్ని రెట్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. కప్లింగ్ రబ్బర్లు, షాఫ్టు కీ, గేరు పళ్లు అరిగేది ఆ ఊపుకే. వి-బెల్టు కీచుమని జారేదీ అప్పుడే. వోల్టేజీ మెల్లగా ఎక్కితే ఈ ఊపు దాదాపు ఉండదు. బెల్టుల్ని ఆరు నెలలకోసారి మార్చే పెద్ద ఫ్యాన్ దగ్గర సాఫ్ట్ స్టార్టరు తన ఖరీదుని తానే రాబట్టుకుంటుంది.

పైపు లైన్ల దగ్గర దీని అసలు గొప్పదనం మోటారు లేచేటప్పుడు కాదు, ఆగేటప్పుడు కనిపిస్తుంది. మోటారు ఠక్కున ఆగితే పైపులో పోతున్న నీరు ఠక్కున ఆగాలి. స్టీలు పైపులో సెకనుకి ఒక మీటరు వేగంతో పోతున్న నీరు ఒక్కసారిగా ఆగితే పుట్టే అదనపు ఒత్తిడి సుమారు 100 మీటర్ల నీటి ఎత్తుతో సమానం. 19వ శతాబ్దం చివర్లో మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి ఈ లెక్క తేల్చినవాడు రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ. నాన్ రిటర్న్ వాల్వు ధడేల్‌మని మూసుకునే శబ్దం, గోడలో బిగించిన క్లాంపు ఊడి రావడం ఈ ఒత్తిడి వల్లే. సాఫ్ట్ స్టాప్ అన్న సౌకర్యం వోల్టేజీని పది పదిహేను సెకన్లలో దించుకుంటూ వస్తుంది, నీరు నెమ్మదిగా ఆగుతుంది. అపార్టుమెంటు పైపులకీ ఊరి నీటి పథకాలకీ ఇది నిజంగా అవసరమైన సంగతి.

వేడి గురించి ఒక అపోహ

మెత్తగా లేపితే మోటారు తక్కువ వేడెక్కుతుందని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. స్టేటర్‌లో ఏ క్షణానికి ఆ క్షణం వేడి తగ్గే మాట నిజమే. రోటర్ సంగతి వేరు. ఆగి ఉన్న బరువుని 50 హెర్ట్జ్ సరఫరాతో పూర్తి వేగానికి తెచ్చేటప్పుడు, ఆ తిరిగే బరువులో ఎంత శక్తి నిండుతుందో కనీసం అంత శక్తి రోటర్‌లో వేడిగా మారుతుంది. ఒక్క సెకనులో లేపినా పది సెకన్లలో లేపినా ఈ మొత్తం తగ్గదు. పైగా లోడు ఉన్నప్పుడు మెల్లగా లేపితే లోడుని తోసే పనికి పట్టే వేడి కూడా దానికి తోడవుతుంది. బండిని టాప్ గేర్‌లో పెట్టి క్లచ్ జారుస్తూ ముందుకి తీసుకెళ్లడం లాంటిది ఇది: ఎంత నెమ్మదిగా క్లచ్ వదిలితే అంత మెత్తగా కదులుతుంది, క్లచ్ ప్లేటు మాత్రం కాలుతూనే ఉంటుంది. కాబట్టి డీఓఎల్‌లో గంటకి నాలుగు స్టార్టులే తట్టుకునే బరువైన ఫ్యాన్ మోటారు, సాఫ్ట్ స్టార్టర్ పెట్టాం కదా అని గంటకి పది తట్టుకోదు.

కరెంటు బిల్లు తగ్గుతుందనే మాటని తోసిపుచ్చడం ఇంకా తేలిక. స్టార్టింగ్ అయ్యేది కొన్ని సెకన్లు. మిల్లులకి వేసే మాక్సిమమ్ డిమాండ్ (నెలలో వాడిన గరిష్ఠ లోడు) కూడా 15 లేదా 30 నిమిషాల సగటు మీద లెక్కకట్టేదే. పదిహేను నిమిషాల్లో అయిదు సెకన్ల పోటు ఆ సగటుని ఏమాత్రం కదిలించదు.

గేరు మార్చే పద్ధతి

రోటరు వేడిని కూడా తగ్గించాలంటే క్షేత్రం తిరిగే వేగాన్నే తగ్గించాలి. అంటే ఫ్రీక్వెన్సీని సున్నా దగ్గర నుంచి మొదలుపెట్టి, వోల్టేజీని కూడా దానితో పాటు పెంచుకుంటూ రావాలి. వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీని మార్చే డ్రైవ్, చేసేది ఇదే. క్షేత్రానికీ రోటర్‌కీ మధ్య తేడా ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఆరు రెట్లన్న మాటే రాదు. పూర్తి లోడు కరెంటుకి కాస్త అటూ ఇటూగా తీసుకుంటూ, పూర్తి బలం ఇస్తూ మోటారు లేస్తుంది. మన 50 హెచ్‌పీ మోటారు అదే లోడుతో 65 ఆంపియర్ల లోపే లేస్తుంది. స్క్విరల్ కేజ్ మోటార్లకి పైన చెప్పిన బేరం వర్తించని పద్ధతి ఇదొక్కటే అనుకోవచ్చు. రోటర్‌కి బయట నుంచి రెసిస్టెన్స్ కలిపే స్లిప్ రింగ్ మోటార్లు కూడా కరెంటు తగ్గిస్తూనే బలం పెంచుతాయి, క్రేన్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో అవి ఇంకా ఉన్నాయి. అయితే వాటికి బ్రష్షులు, రింగులు, వాటి బాగోగులు చూసే మనిషీ కావాలి.

ఇన్వర్టర్ ఏసీ వేసినప్పుడు ఇంట్లో లైట్లు మసకబారకపోవడానికి కారణం దాని కంప్రెసర్ వెనక ఇలాంటి డ్రైవే ఉండటం. ఇంకో కొసన చూస్తే, కాళేశ్వరంలో లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో ఉన్న గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. అంత పెద్ద సింక్రనస్ యంత్రాలను, అంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి సరిగ్గా లయగా తిరిగేవాటిని, గ్రిడ్ మీద నేరుగా వేసే ప్రసక్తే ఉండదు. ప్రపంచంలో ఎక్కడైనా సాధారణంగా ఫ్రీక్వెన్సీ మార్చే పెద్ద కన్వర్టర్‌తో వేగం ఎక్కించి, గ్రిడ్‌తో లయ కుదిరాకే కలుపుతారు.

బోరు లోపలి సంగతి వేరు

నేల మీది మోటారుకి చెప్పిన సలహా బోరు లోపలి మోటారుకి చెప్పకూడదు. సబ్‌మెర్సిబుల్ మోటారు సన్నగా పొడుగ్గా ఉంటుంది, రోటర్ బరువు తక్కువ. డీఓఎల్‌లో సెకను లోపే లేచిపోతుంది. అందుకే స్టార్ డెల్టా మారే మధ్యలో వచ్చే ఆ చిన్న ఖాళీలో నీటిలో ఉన్న పంపు దాదాపు ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి లేచినట్టే. పైగా ఆరు వైర్ల కోసం రెండు కేబుళ్లు దించాలి. 5 హెచ్‌పీ బోరు మోటారుకి మూడు వైర్లే ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది.

దాని అడుగున ఉండే థ్రస్ట్ బేరింగ్ మీద పంపు తోపు మొత్తం పడుతుంది. బేరింగ్ ముఖాల మధ్య సన్నని నీటి పొర ఏర్పడితేనే అది అరగకుండా తిరుగుతుంది, ఆ పొర ఏర్పడటానికి తగినంత వేగం కావాలి. నెమ్మదిగా తిరిగినంతసేపూ ముఖాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అందుకని నేల మీద ఎంతో మేలనిపించే పదిహేను సెకన్ల ర్యాంప్, అంటే మెల్లగా వేగం ఎక్కించడం, ఇక్కడ హాని. సాఫ్ట్ స్టార్టర్ అయితే మూడు సెకన్లలోపు పూర్తి వేగం రావాలి, వీఎఫ్‌డీ అయితే ఒక సెకనులో 30 హెర్ట్జ్ దాటాలి. సాఫ్ట్ స్టాప్ జోలికి పోకపోవడమే మంచిది, నీటి దెబ్బని వాల్వులతో చూసుకోవాలి.

అయినా ఇక్కడ మెత్తదనానికి ఒక ప్రయోజనం ఉంది. మోటారు ఒక్కసారిగా లేస్తే, అది వేలాడుతున్న పైపు వరస మొత్తం ఎదురు దిశలో మెలి తిరుగుతుంది. కేబులు బోరు గోడకి రాసుకుని తొక్క ఊడేదీ, పైపు మరలు సడలేదీ ఈ మెలికల వల్లే. రెండు మూడు సెకన్ల చిన్న ర్యాంప్ చాలు, ఆ మెలిక బాగా తగ్గుతుంది.

వీఎఫ్‌డీని లోతైన బోరుకి కలిపేవాళ్లు కేబుల్ పొడవు మర్చిపోతారు. వీఎఫ్‌డీ ఇచ్చేది నున్నటి సైన్ తరంగం కాదు, దాదాపు 590 వోల్టుల ఎత్తున్న నిటారు పల్సులు. నూట యాభై మీటర్ల కేబులు చివర అవి మోటారుకి తగిలి వెనక్కి మళ్లేటప్పుడు ఎత్తు రెట్టింపు దగ్గరికి పోతుంది. 415 వోల్టుల మోటారు వైండింగ్ మీద సెకనుకి వేలసార్లు 1100 వోల్టులకు పైగా పోటు పడితే, ఇన్సులేషన్ ఎంతకాలం ఉంటుందో చెప్పనక్కర్లేదు. డ్రైవ్ తర్వాత ఆ పల్సుల్ని మెత్తబరిచే ఫిల్టరు పెట్టాలి. కొటేషన్‌లో ధర తగ్గించడానికి ముందు ఎగిరిపోయేది ఆ ఫిల్టరే.

ఇంకో చిన్న జాగ్రత్త. మన పంపు సెట్లకి పవర్ ఫ్యాక్టర్ కోసం కెపాసిటర్ పెట్టించుకోమని డిస్కంలు చెబుతుంటాయి, మంచిదే. డీఓఎల్ స్టార్టర్‌లో అది మోటారు టెర్మినళ్ల మీదే ఉంటుంది. డబ్బా మార్చి సాఫ్ట్ స్టార్టర్ గానీ వీఎఫ్‌డీ గానీ పెట్టినప్పుడు కెపాసిటర్‌ని అక్కడే వదిలేస్తే, కోసిన తరంగం దాని మీద పడి డబ్బా లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఠపీమని పేలిపోవచ్చు. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య కెపాసిటర్ ఉండకూడదు.

జనరేటర్ మీద నడిపేవాళ్లకి ఈ వ్యవహారమంతా డబ్బు లెక్కలోకి దిగుతుంది. గ్రిడ్ ఆరు రెట్ల పోటుని ఎలాగో భరిస్తుంది, చిన్న జనరేటరు భరించదు. డీఓఎల్‌లో మోటారు లేపాలంటే నడిచే లోడుకి రెండు మూడు రెట్ల కేవీఏ ఉన్న జనరేటరు కొనాలి. వీఎఫ్‌డీ పెడితే చాలా చిన్నది సరిపోతుంది. జనరేటరు ధరలో మిగిలే తేడాతోనే డ్రైవ్ వచ్చేస్తుందా అని ఒకసారి లెక్క వేసుకోవడం మంచిది.

సోలార్ పంపుల దగ్గర ఈ లెక్క కూడా అక్కర్లేదు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద వస్తున్న ఏసీ పంపులకి కంట్రోలరు పేరుతో ఇచ్చేది వీఎఫ్‌డీనే. సోలార్ ప్యానెల్‌ని షార్ట్ చేసినా అది ఇచ్చే కరెంటు మామూలు కరెంటు కన్నా కొంచెమే ఎక్కువ. ఆరు రెట్లు కాదు గదా, ఒకటిన్నర రెట్లు కూడా దాని నుంచి రావు. కాబట్టి అక్కడ ఫ్రీక్వెన్సీ తగ్గించి మొదలుపెట్టడం తప్ప దారి లేదు. పొద్దున కంట్రోలర్ తెర మీద హెర్ట్జ్ అంకె ఎక్కుతూ ఉంటుంది, మబ్బు వస్తే దిగుతుంది. కంట్రోలర్ సరిగ్గా సెట్ చేసి ఉంటే, 30 హెర్ట్జ్ కూడా అందని ఎండలో బేరింగ్ అరగకుండా మోటారుని ఆపేసి, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. పొద్దున్నే పంపు రెండు మూడుసార్లు లేచి ఆగిపోతోందంటే అది పాడైందని కాదు.